నడివయసు నాయిక, వయసెరగని ప్రియుడు

1725లో సెర్బియాలోని కిసిల్యెవో పల్లెలో పీటర్ బ్లగోయెవిచ్ అనే రైతు పోయాడు. పూడ్చిన పది వారాలకు ఊళ్లో వరసగా చావులు మొదలయ్యాయి. వారం రోజుల్లో తొమ్మిది మంది. పోయేవాళ్లంతా పోతూ పోతూ, పీటరే వచ్చి మీద పడి గొంతు నులిమాడని చెప్పారు. అతని భార్య చెప్పింది మాత్రం వేరు. తన దగ్గరికీ వచ్చాడట. వచ్చి, తన చెప్పులు ఇమ్మన్నాడట. ఆవిడ ఇక అక్కడ ఉండలేక ఊరొదిలి వెళ్లిపోయింది. అప్పట్లో ఆ ప్రాంతం ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. ఫ్రోంబాల్డ్ అనే అధికారి సమక్షంలో సమాధి తవ్వారు, ఆయన పైవాళ్లకు నివేదిక పంపాడు, అదే ఏడు జులైలో అది వియన్నా పత్రికలో అచ్చయింది. యూరప్‌లో సర్కారీ కాగితాలకెక్కిన తొలి రక్తపిశాచుల్లో ఒకడి కాపురం గురించి మనకు తెలిసింది ఇంతే. చచ్చి తిరిగొచ్చి కూడా మొగుడు తన వస్తువేదని పెళ్లాన్నే అడిగాడు.

మరో ఏడేళ్లకు, 1732 జనవరిలో, మెద్వెజా అనే ఇంకో సెర్బియా ఊళ్లో ఇలాంటి తవ్వకమే జరిగింది. ఈసారి వచ్చినవాడు సైనిక వైద్యుడు యోహాన్ ఫ్లూకింగర్. ఒక్కో శవాన్నీ బయటికి తీయించి, పేరు, వయసు, ఎలా పోయిందీ, ఇప్పుడెలా ఉందీ వరసగా రాసుకున్నాడు. అందులో మిలిజా అనే అరవై ఏళ్లావిడ ఉంది. పిశాచం చంపిన గొర్రెల మాంసం తిన్నదని, ఊళ్లోకి ఈ జాడ్యం మళ్లీ రావడానికి ఆవిడే మూలమని జనం అనుమానం. చుట్టూ నిలబడ్డ ఊరివాళ్లు ఆ శవాన్ని చూసి నోరెళ్లబెట్టారు. చిన్నప్పటి నుంచీ ఆవిడను ఎరిగినవాళ్లు వాళ్లు. బతికినన్నాళ్లూ ఎండుకట్టెలా ఉన్న మనిషి సమాధిలో నిండుగా ఒళ్లు చేసిందని వాళ్లు నొక్కి చెబితే వైద్యుడు అదీ రాసుకున్నాడు.

ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఒక సంగతి తెలుస్తుంది. రక్తపిశాచి కథ పుట్టినప్పుడు అందులో పెళ్లయిన ఆడది ఉంది, అరవై ఏళ్ల ఆడది ఉంది. బాల్కన్ జానపదంలో పిశాచమైన మగాడు రాత్రిళ్లు వెతుక్కుంటూ వచ్చేది తన విధవరాలి దగ్గరికే. ఆమెకు వాడివల్ల బిడ్డలు కూడా పుడతారని, ఆ బిడ్డలకు పిశాచాల్ని పసిగట్టే శక్తి ఉంటుందని నమ్మేవాళ్లు. ఇంత మొరటుగా, ఇంత సంసారపక్షంగా ఉన్న కథ సాహిత్యంలోకి అడుగుపెట్టగానే నాయికకు పంతొమ్మిదేళ్లు అయిపోయాయి. తర్వాత దాదాపు రెండు వందల ఏళ్ల పాటు ఆమెకు ఇరవై దాటనివ్వడానికి రచయితలు పెద్దగా ఇష్టపడలేదు. వాంపైర్ ప్రేమకథ మొదటి నుంచి చివరి దాకా వయసు గురించిన కథ. ఒకరు ముసలివాళ్లవుతారు, ఇంకొకరు కారు. అంతకు మించి అందులో చిక్కుముడి లేదు. అలాంటప్పుడు ముసలితనం అంటే ఏమిటో ఒంటి మీద తెలియడం మొదలైన మనిషిని పక్కనపెట్టి, దాని పొడే తెలియని పిల్ల చేత ఆ ప్రశ్న అడిగించడం విడ్డూరం కాదా?

సాహిత్యపు తొలి మెట్లు అందరికీ తెలిసినవే కనుక త్వరగా దాటేద్దాం. 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున బైరన్ అద్దెకు తీసుకున్న విల్లాలో దయ్యాల కథల పందెం నడిచింది. ఆయన వెంట వచ్చిన డాక్టర్ జాన్ పొలిడోరి ఆ ఊపులో రాసిన ‘ది వాంపైర్’ 1819లో అచ్చయింది. అందులోని లార్డ్ రుత్వెన్ మొదటి పెద్దమనిషి పిశాచి. చెప్పులడిగే రైతు పోయి, విందులకొచ్చే ప్రభువు వచ్చాడు. వాడికి బలైనవాళ్లు లేతవయసు పిల్లలు. 1872 నాటికి షెరిడన్ లెఫాన్యు ‘కార్మిల్లా’లో పిశాచీ ఆడదే, ప్రేమించబడిన లారా కూడా ఆడపిల్లే. సాహసమే, కానీ ఇద్దరూ కన్నెపిల్లలే. 1897లో బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ వచ్చేసరికి, అందులో బలయ్యే లూసీకి ఇంకా ఇరవై నిండలేదు.

‘డ్రాకులా’లో ఒక నడివయసు స్త్రీ ఉందని చాలామందికి గుర్తుండదు. ఆవిడ లూసీ తల్లి, మిసెస్ వెస్టెన్రా. విధవరాలు, గుండెజబ్బు మనిషి. లూసీకి వైద్యం చేయడానికి వచ్చిన వాన్ హెల్సింగ్ కష్టపడి ఆమె గదంతా వెల్లుల్లి పూలతో నింపి వెళ్తే, ఈవిడ రాత్రి వచ్చి చూసి, గదిలో ఉక్కగా ఉందని, పూల కంపు పిల్లకు పడదని అవన్నీ తీసిపారేసి కిటికీ తెరిచిపెడుతుంది. ఇంకో రాత్రి కిటికీ అద్దం పగలగొట్టుకుని తోడేలు తల దూరిస్తే హడలిపోయి, కూతురి మెడలో మిగిలిన దండను కూడా పీకేసి అక్కడికక్కడే ప్రాణం వదులుతుంది. ఎవరూ ఆవిడకు అసలు సంగతి చెప్పరు, గుండె తట్టుకోదని. చెప్పి ఉంటే కథ సగంలో ఆగేది. డ్రాకులా ఆవిడ వంక కన్నెత్తి చూడడు. తర్వాతి వందేళ్ల వాంపైర్ కథల్లో పెద్ద వయసు ఆడవాళ్లకు దక్కిన ఉద్యోగం దాదాపు ఇదే. తెలిసో తెలియకో కిటికీ తెరవడం, ఆపైన చావడం. 2001లో షార్లెయిన్ హారిస్ రాసిన ‘డెడ్ అంటిల్ డార్క్’లో నాయిక సూకీ బామ్మ అడేల్ వాంపైర్ బిల్‌ను ఎంతో మర్యాదగా ఇంటికి పిలుస్తుంది. అతను అమెరికా అంతర్యుద్ధంలో స్వయంగా పోరాడినవాడు కాబట్టి, తన చరిత్ర సంఘంలో వచ్చి ఉపన్యసించమని అడుగుతుంది. ఆ నవల మొత్తంలో వాంపైర్‌తో ఏం మాట్లాడాలో తెలిసిన మనిషి ఆవిడే అనిపిస్తుంది నాకు. ఆవిడనూ త్వరలోనే చంపేశారు.

కిటికీ తెరిచే తల్లి కాకపోతే, పెద్దావిడకు దొరికే ఇంకో వేషం రక్తం తాగే ముసలిది. ‘డ్రాకులా’ కన్నా ఏడాది ముందు, 1896 ఫిబ్రవరిలో ‘స్ట్రాండ్’ పత్రికలో మేరీ ఎలిజబెత్ బ్రాడన్ రాసిన ‘గుడ్ లేడీ డుకేన్’ వచ్చింది. వందేళ్ల ముసలి దొరసాని, జీతానికి తోడుగా ఉండే పేదింటి పిల్ల, దొరసాని వెంట ఉండే ఇటాలియన్ డాక్టర్. పిల్ల చేతి మీద గాట్లు పడుతుంటాయి. దోమకాట్లంటాడు డాక్టర్. నిజానికి మత్తిచ్చి ఆమె రక్తం తీసి దొరసానికి ఎక్కిస్తున్నాడు. దయ్యం లేదు, కోరలు లేవు, ఉన్నదల్లా డబ్బు. చివరికి దొరసాని పట్టుబడి ఏడుస్తుందా, చస్తుందా? అదేం లేదు. వెయ్యి పౌన్ల చెక్కు రాసిచ్చి పిల్లను పంపేస్తుంది. బ్రాడన్ అది రాసేనాటికి అరవైల్లో పడింది. ఆ ముసలిదాన్ని అసహ్యించుకుంటూనే చావుభయాన్ని ఎగతాళి చేయకపోవడానికి అది కూడా కారణమేమో.

ఈ వరసలో అందరికన్నా పేరుమోసింది హంగరీ ప్రభువుల ఇంటి ఆడపడుచు ఎలిజబెత్ బాథరీ. 1560లో పుట్టి, 1610 డిసెంబరులో నిర్బంధంలోకి వెళ్లి, 1614లో తన కోటలోనే పోయింది. పనిపిల్లల్ని హింసించి చంపిందన్నది ఆమె మీద అభియోగం. కన్నెపిల్లల రక్తంతో స్నానం చేసి యవ్వనం తెచ్చుకుందన్న కథ మాత్రం ఆనాటి సాక్ష్యాల్లో ఎక్కడా లేదు. ఆమె పోయిన వందేళ్లకు పైగా గడిచాక, 1729లో లాస్లో తురోత్సి అనే జెసూట్ మతగురువు పుస్తకంలో మొదటిసారి అచ్చులోకి వచ్చింది. ఎందుకు అతికించారో ఊహించడం కష్టం కాదు. క్రూరత్వానికి అధికారం, డబ్బు, అడిగేవాళ్లు లేకపోవడం చాలు. కానీ యాభై ఏళ్ల ఆడది చేసిన నేరానికి అవేవీ సరిపోలేదు, ముడతలంటే భయమని చెబితే తప్ప జనానికి తృప్తి కలగలేదు. 1971లో హామర్ కంపెనీ ‘కౌంటెస్ డ్రాకులా’ సినిమా తీసినప్పుడు కూడా వాళ్లకు కావలసింది ఆ స్నానమే.

అసలు ప్రేమ దగ్గరికి వద్దాం. నేను చూసినంతలో నడివయసు స్త్రీని వాంపైర్ ఎదుట నిలబెట్టి, ఆమె మనసు దాచకుండా చూపించిన తొలి ప్రసిద్ధ కథ నవల కాదు, అమెరికాలో మధ్యాహ్నం పూట వచ్చిన టీవీ సీరియల్. ఏబీసీ ఛానెల్‌లో 1966 నుంచి 1971 దాకా నడిచిన ‘డార్క్ షాడోస్’. రేటింగులు పడిపోతుంటే 1967లో బర్నబాస్ కాలిన్స్ అనే వాంపైర్‌ను తెచ్చారు, సీరియల్ నిలబడింది. వాడి గుట్టు తెలుసుకోవడానికి వచ్చిన డాక్టర్ జూలియా హాఫ్‌మన్‌గా గ్రేసన్ హాల్ నటించింది. అప్పటికి ఆమెకు నలభై నాలుగేళ్లు, రెండేళ్ల కిందటే ఆస్కార్ నామినేషన్ అందుకున్న నటి. జూలియాకు బర్నబాస్ ఏమిటో తెలుస్తుంది. బయటపెట్టదు. ఇంజెక్షన్లిచ్చి మనిషిని చేస్తానంటుంది. చేస్తూ చేస్తూ ప్రేమలో పడుతుంది. వాడేమో పోయిన ప్రేయసి జోసెట్‌ను ఊళ్లో ఉన్న ప్రతి పడుచుపిల్లలోనూ వెతుక్కుంటుంటాడు.

ఈ అమరికలో ఉన్న చేదు మధ్యాహ్నం పూట పని ముగించుకుని టీవీ ముందు కూర్చునే గృహిణులకు వివరించి చెప్పాల్సిన అవసరం ఉండదు. మగాడి లోపం తెలిసి, జబ్బుకు మందు వేసి, అబద్ధాలాడి కాపాడి, ఆఖరికి వాడు పడుచుపిల్ల వెంట పోతుంటే చూస్తూ ఉండే ఆడది ఆమె. 1970లో ఇదే బృందం తీసిన ‘హౌస్ ఆఫ్ డార్క్ షాడోస్’ సినిమాలో జూలియా అసూయతో సూదిమందు మార్చేస్తుంది, బర్నబాస్ ఒక్కసారిగా పండుముసలివాడైపోతాడు, ఆ కోపంలో ఆమెను గొంతు నులిమి చంపుతాడు. నీకూ వయసొస్తే ఎలా ఉంటుందో చూడు అని ఒక ఆడది వాంపైర్‌కు చూపించిన సన్నివేశం అది. దానికి శిక్ష మరణం. 2012లో టిమ్ బర్టన్ మళ్లీ తీసినప్పుడు కథను ఇంకో మెట్టు దించాడు. అందులో జూలియాకు బర్నబాస్ మీద ప్రేమకన్నా తన ముఖం మీద బెంగ ఎక్కువ. ముసలిదాన్ని కాకూడదని దొంగచాటుగా అతని రక్తం ఎక్కించుకుంటుంది. అతను చంపి సముద్రంలో పారేస్తాడు. బాథరీ స్నానం మళ్లీ వచ్చిందన్నమాట.

ఈ మొత్తం సాహిత్యంలో ఒక్క పుస్తకమే చదవడానికి తీరిక ఉందని ఎవరైనా అంటే నేను చేతికిచ్చేది సూజీ మెకీ చార్నస్ 1980లో వెలువరించిన ‘ది వాంపైర్ టాపెస్ట్రీ’. ఐదు పెద్దకథలు గొలుసుగా అల్లిన నవల. డాక్టర్ ఎడ్వర్డ్ వేలాండ్ కాలేజీలో పేరున్న మానవశాస్త్ర ఆచార్యుడు. నెరిసిన జుట్టు, హుందా, పొడి మాట. వాడు దయ్యం కాదు, చచ్చి లేచినవాడూ కాదు. మనుషుల్ని మేసి బతికే ఒక జంతువు, ఏళ్ల తరబడి నిద్రపోయి లేస్తుంటాడు, లేచినప్పుడల్లా పాత జీవితం గుర్తుండదు. తిండి కోసం నిద్ర మీద పరిశోధన మొదలుపెడతాడు. వచ్చి పడుకునేవాళ్లకు డబ్బిస్తారు, పడుకున్నాక వాడు రక్తం తాగుతాడు. ఇంతకన్నా అందంగా విశ్వవిద్యాలయాన్ని ఎవరూ వెక్కిరించలేదు.

వాణ్ని మొదట పసిగట్టేది అక్కడి ఫ్యాకల్టీ క్లబ్‌లో ఇల్లు చక్కబెట్టే ఉద్యోగం చేస్తున్న కాట్యా డి గ్రూట్. ఆఫ్రికాలో పుట్టి పెరిగిన బోయర్ స్త్రీ, నడివయసు విధవరాలు. ఒకప్పుడు ఆచార్యుడి భార్య, ఇప్పుడు అదే ఆచార్యులకు కాఫీలు అందించే మనిషి. అంటే ఎవరి కళ్లకూ ఆనని మనిషి. వేటాడే మృగం ఎలా నడుస్తుందో, ఎలా ఆగి చూస్తుందో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వేలాండ్‌కు కూడా ఆమె మీద ఒక ఆకర్షణ ఉంది, దాన్ని ఆకలి అనే అనుకుంటాడు. ఇంకెవరైనా అయితే ఇక్కడ నాయిక కళ్లు మూసుకుని మెడ వంచే సన్నివేశం రాసేవాళ్లు. కాట్యా సంచిలోంచి తుపాకీ తీసి కాలుస్తుంది. ప్రేమకథ ఇలా మొదలవడం నాకు నచ్చింది.

చావు తప్పి బయటపడ్డ వేలాండ్ ఉద్యోగంలోకి మళ్లీ చేరాలంటే మనోవైద్యం చేయించుకోవాలి. అలా న్యూయార్క్‌లో ఫ్లోరియా లాండౌర్ దగ్గరికి వస్తాడు. ఆమె విడాకులైన మనిషి, కూతురు ఎదిగి తన సంసారంలో తానుంది, వృత్తి మీద విసుగు మొదలైంది. వాంపైర్‌నని చెప్పుకునే రోగి దొరకడంతో, పుస్తకం రాసుకోవచ్చని ఆశపడుతుంది. ఆ తర్వాత అంతా రెండు కుర్చీల మధ్య మాటలే. అడగడం ఆమె పని, దాచడం వాడి పని. తన ఆహారం గురించి ఎప్పుడూ ఆలోచించనివాడు, ఆమె అడుగుతుంటే ఆలోచించడం మొదలుపెడతాడు. ఆమెకేమో వాడు చెబుతున్నది భ్రమ కాదని అర్థమవుతుంది. అర్థమయ్యాక కూడా వినడం మానదు. చివరికి తనను చంపడానికే ఇంటికి వచ్చినవాడితో ఆమె ఒక రాత్రి గడుపుతుంది, ఉదయం ఇద్దరూ ప్రాణాలతో విడిపోతారు. కాటు లేదు, అమరత్వం లేదు, యవ్వనం తిరిగి రాదు. ‘యూనికార్న్ టాపెస్ట్రీ’ అనే ఈ భాగానికి నెబ్యులా పురస్కారం వచ్చింది. ఆ తర్వాతి కథల్లో వేలాండ్‌కు సంగీతం గుచ్చుకుంటుంది, మనుషులు గుర్తొస్తుంటారు, తిండి మీద జాలి పుడుతుంది. మళ్లీ దీర్ఘనిద్రలోకి పారిపోవడమే వాడికి మిగిలిన దారి. ప్రేమలో మారిపోయింది పిశాచి, ఆడమనిషి కాదు. ఈ రకం కథల్లో ఇది తలకిందుల వ్యవహారం. పదిహేడేళ్ల పిల్ల చేత ఈ పని చేయించలేరు. ఎదుటివాడు తనకు తాను చెప్పుకునే అబద్ధాన్ని వినగానే పట్టుకోవాలంటే అలాంటివి కొన్ని ముందే విని ఉండాలి.

ఆన్ రైస్ పుస్తకాలు తెలుగునాట ఇంగ్లిషు నవలలు చదివేవాళ్లకు బాగా పరిచయం. అందరూ ఆమె వాంపైర్లు లెస్టాట్ గురించీ లూయీ గురించీ మాట్లాడతారు కానీ, 1985 నాటి ‘ది వాంపైర్ లెస్టాట్’లో నాకు మిగిలిపోయే మనిషి గాబ్రియెల్. లెస్టాట్ తల్లి. క్షయతో చావడానికి సిద్ధంగా ఉన్న ఆవిణ్ని కొడుకే వాంపైర్‌ను చేస్తాడు. భార్యగా, తల్లిగా పల్లెటూరి కోటలో పుస్తకాలు చదువుకుంటూ ముగ్గిన మనిషి, ఆ రాత్రి నుంచి ఎవరికీ ఏమీ కాదు. మగవాళ్ల బట్టలు తొడుక్కుంటుంది, జుట్టు కత్తిరించుకుంటుంది. మర్నాటి రాత్రి లేచేసరికి ఆ జుట్టు మళ్లీ పెరిగి ఉంటుంది. కోరుకున్న స్వేచ్ఛలో కూడా శరీరం తన పాత లెక్క తప్పదని తెలిసి ఆవిడ కుంగిపోయే ఆ చిన్న ఘట్టం వెయ్యి కాట్లకన్నా బలమైంది. చివరికి కొడుకునూ వదిలేసి అడవుల్లోకి వెళ్లిపోతుంది. ఆవిడకు ప్రేమ అక్కరలేకపోయింది. జువెల్ గోమెజ్ 1991లో రాసిన ‘ది గిల్డా స్టోరీస్’లో ఇంకో పెద్దావిడ ఉంది. మూడు వందల ఏళ్లు బతికిన మొదటి గిల్డా, బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన నల్లజాతి పిల్లకు తన పేరూ తన జీవితమూ అప్పగించి, ఇక చాలనుకుని నిజమైన చావు ఎంచుకుంటుంది. ఆ నవలలో వాంపైర్లు రక్తం తీసుకున్నప్పుడు ఆ మనిషికి అవసరమైన ధైర్యమో, కలో మనసులో వదిలి వెళ్తారు. తీసుకుంటే తిరిగి ఇవ్వాలన్నది వాళ్ల నియమం.

ఇక 2005లో ‘ట్విలైట్’. అందులోని వాంపైర్ ఎడ్వర్డ్ 1918లో పదిహేడేళ్లప్పుడు మారినవాడు, అంటే వందేళ్లు దాటినవాడు. వాడు ప్రేమించే బెల్లాకు పదిహేడు. ఈ వయసు తేడా గురించి విమర్శకులు చాలా గొడవ చేశారు, నా అభ్యంతరం వేరే. ఆ కుటుంబానికి తల్లి అయిన ఎస్మే ఇరవై ఆరేళ్లప్పుడు ఆగిపోయింది. తండ్రి కార్లైల్ ఇరవై మూడేళ్లప్పుడు. అమ్మానాన్నలకు కూడా ముప్పై దాటనివ్వని లోకం అది. రెండో నవల ‘న్యూ మూన్’ బెల్లా పద్దెనిమిదో పుట్టినరోజు నాటి కలతో మొదలవుతుంది. ఎదురుగా అమ్మమ్మ కనిపిస్తుంది, పక్కన ఎడ్వర్డ్ మెరుస్తూ నిలబడి ఉంటాడు. ఆ ముసలిది అమ్మమ్మ కాదు, అద్దంలో తానే. స్టెఫనీ మేయర్ రాసిన ఈ వరస నవలల్లో భయం నిజంగా ఉన్న చోటు అదొక్కటే. రెండు పేజీల్లో దాన్ని తలుపేసి మూసేసింది.

ఆ తలుపు అవతల ఎంతమంది నిలబడ్డారో తర్వాత తెలిసింది. ఆ నవలల్ని పిల్లలతో సమానంగా తల్లులు చదివారు, తమకంటూ అభిమాన సంఘాలు పెట్టుకున్నారు. వాళ్లలో ఒకరు, 1963లో పుట్టిన లండన్ టీవీ ఉద్యోగిని ఇ. ఎల్. జేమ్స్, బెల్లా ఎడ్వర్డ్‌ల మీద తన కథ రాసుకుంది. అదే 2011లో కోరలు పీకేసుకుని ‘ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే’గా వచ్చింది. రాసినావిడకు యాభై దగ్గరపడుతుంటే నాయికకు మాత్రం ఇరవై ఒకటి. చదివేవాళ్లు పెద్దవాళ్లని వ్యాపారులకు తెలుసు, అయినా అద్దంలో తమ వయసు చూపిస్తే పుస్తకం అమ్ముడుపోదనుకున్నారు. అదే ఏడు చరిత్ర ఆచార్యురాలు డెబొరా హార్క్‌నెస్ రాసిన ‘ఎ డిస్కవరీ ఆఫ్ విచెస్’లో ముప్పై దాటిన పరిశోధకురాలు నాయిక అయితే, పెద్దవాళ్ల కోసం వాంపైర్ నవల వచ్చిందని మెచ్చుకున్నారు. ముప్పై దాటితేనే పెద్దరికం!

ఈ అద్దాన్ని పగలగొట్టింది 2020. ఆ ఏడు వసంతంలో పదముగ్గురు రచయిత్రులు కూడబలుక్కుని, నలభై దాటిన నాయికలతో అతీంద్రియ కథల వరస ఒకటి తెచ్చారు. విడాకులు, ఎదిగి ఇల్లొదిలిన పిల్లలు, మోకాళ్ల నొప్పులు, ఒంట్లోంచి ఎగసే ఆవిర్లు, వాటి మధ్యలో మంత్రశక్తి. క్రిస్టెన్ పెయింటర్ రాసిన ‘సక్స్ టు బీ మీ’లో మాఫియా మనిషి విధవరాలు వాంపైర్ అవుతుంది. హాయిగా నవ్వించే పుస్తకాలు, చదివితే తప్పేమీ లేదు. కానీ ఆ నవ్వు వెనక నాకు ఒక తొందర కనిపిస్తుంది. మొదటి అధ్యాయంలో వయసు గురించి ఎంత హాస్యమాడినా, తర్వాత మంత్రశక్తి వచ్చి ఒంటిని చక్కబెట్టేస్తుంటుంది. కాటు శరీరాన్ని ఉన్నచోట ఆపుతుందా, బాగుచేస్తుందా అన్నది ఈ రకం రచయితలందరూ తేల్చుకోవాల్సిన ప్రశ్న. వాళ్లకు వయసు మీద ఉన్న అసలు అభిప్రాయం ఆ ఒక్క నియమంలో బయటపడుతుంది.

అదే ఏడు ఒక మగ రచయిత నుంచి దీనికి పూర్తిగా ఎదురు తిరిగిన పుస్తకం వచ్చింది. గ్రేడీ హెండ్రిక్స్ ‘ది సదరన్ బుక్ క్లబ్స్ గైడ్ టు స్లేయింగ్ వాంపైర్స్’. చార్ల్స్టన్ దగ్గరి శివారు, 1990ల కాలం, నేరకథలు చదివే గృహిణుల బృందం. కొత్తగా వచ్చిన పొరుగువాడు జేమ్స్ హారిస్ అందగాడు, చెప్పింది వింటాడు. పట్రీషియా ఇంట్లో ఆమె మాట వినే మగాడు అప్పటిదాకా లేడు. ఆకర్షణ అంత మామూలు చోట పుడుతుంది. వాణ్ని గుర్తుపట్టేది మతిమరుపు ముదిరిన అత్తగారు మిస్ మేరీ. తన చిన్నప్పుడు చూసిన మనిషి ఒక్క ఏడు కూడా ముదరకుండా ఎదుట నిలబడ్డాడని ఆవిడ అంటే, ముసలావిడ మాటకేంలే అని కొట్టిపారేస్తారు. డ్రాకులా నాటి తల్లికి అసలు సంగతి తెలియదు, ఈ అత్తగారికి తెలిసినా ఎవరూ నమ్మరు. చివర్లో పట్రీషియా తనను తానే ఎరగా పెట్టి వాడి చేత రక్తం తాగనిస్తుంది, మిగతా ఆడవాళ్లు వచ్చి వాణ్ని ముక్కలు చేస్తారు. ఆపైన ఇల్లు కడుగుతారు. నెత్తురు మరకలు వదిలించడం వాళ్లకు కొత్త కాదు.

మన దగ్గర ఈ చర్చ ఇంకా మొదలు కాలేదు. చందమామ బేతాళుడు ప్రశ్నలు వేసేవాడే కానీ ప్రేమించేవాడు కాదు. 2025లో మలయాళం ‘లోకా’ యక్షి తెలుగులోకి డబ్ అయి వచ్చింది, హిందీ ‘థామా’లో రష్మిక బేతాళ జాతి పిల్లగా కనిపించింది. రెంటిలోనూ నాయికకు వందల ఏళ్లుంటాయి, ముఖానికి మాత్రం పాతికే. మన కథల్లో మోహినికి ఎప్పుడూ పడుచుదనమే. పెద్ద వయసు ఆడదానికి మిగిలేది మంత్రగత్తె వేషం.

ఈ వయసు ప్రశ్నకు తెర మీద వచ్చిన జవాబుల్లో రెండు చెప్పుకోదగ్గవి. 2020 జనవరి బీబీసీ ‘డ్రాకులా’లో వాన్ హెల్సింగ్ ఒక ఆడది. నలభై దాటిన డాలీ వెల్స్ ఆ పాత్ర వేసింది. మూడో భాగంలో ఆమె వంశంలో పుట్టిన జోయీకి క్యాన్సర్. ఆ రక్తం వాంపైర్‌కు విషం. ఇన్నాళ్లూ డ్రాకులాను నడిపించింది చావుభయమేనని ఆమె తేల్చి చెప్పాక, అతను తెలిసే ఆ రక్తం తాగి ఆమెతో పాటే పోతాడు. మిగతా సీరియల్ అక్కడక్కడ తేలిపోయినా ఆ ముగింపు మాత్రం ఇద్దరినీ సమానం చేసింది.

రెండోది న్యూజిలాండ్‌లో 2014లో తీసిన హాస్యచిత్రం ‘వాట్ వుయ్ డూ ఇన్ ద షాడోస్’. వియాగో అనే వాంపైర్ 1940లలో కేథరిన్ అనే అమ్మాయిని ప్రేమించి, ఆమె కోసం యూరప్ నుంచి శవపేటికలో బయల్దేరతాడు. పేటిక మీద తపాలా ఖర్చు సరిగా కట్టకపోవడంతో చేరేసరికి ఏడాదిన్నర పట్టింది, ఈలోగా ఆమెకు పెళ్లయిపోయింది. ఇప్పుడు ఆమె వెల్లింగ్టన్‌లో వృద్ధాశ్రమంలో ఉంది, తొంభై ఆరేళ్లు. వియాగో రాత్రిళ్లు కిటికీ బయట నిలబడి చూస్తుంటాడు. చివరికి వెళ్లి అడుగుతాడు, కాటు వేస్తాడు. ఆమె పడుచుది కాదు, ముడతలు పోవు, జుట్టు నల్లబడదు. తొంభై ఆరేళ్ల ముఖంతోనే అతని పక్కన కూర్చుంటుంది. జనం ఈ వయసు తేడా చూసి ఏమనుకున్నా అతనికి లెక్కలేదు, తనే ఆమెకు నాలుగింతలు పెద్దవాడైనా సరే! సినిమా వెక్కిరింపుగా వదిలిన ఈ ఘట్టంలో కాటు వయసును ఆపింది, తుడిచేయలేదు. దీన్ని వెక్కిరింపు లేకుండా మూడు వందల పేజీల నవలగా ఎవరైనా రాస్తే చదవాలని ఉంది. అదే పేరుతో 2019లో మొదలై ఆరు సీజన్లు నడిచిన అమెరికన్ టీవీ సీరీస్ న్యూయార్క్‌లో వేరే వాంపైర్ల కాపురాన్ని ఎత్తుకుంది. కేథరిన్ కథను అందుకోలేదు.